పిల్లలకు హాకీ నేర్పడం: ముందు ఎడమ చెయ్యి, తర్వాతే బంతి

కొత్తగా హాకీ కర్ర పట్టిన పిల్లల్లో ఎక్కువ మంది చేసే తప్పు ఒకటే: కుడి చేత్తో కర్రను బిగించి పట్టి, పనంతా దానితోనే చెయ్యాలని చూడటం. డ్రిబ్లింగ్‌లో, అంటే బంతిని కర్రతో అదుపులో ఉంచుకుంటూ నడిపించడంలో, కర్రను తిప్పేది పైనున్న ఎడమ చెయ్యి. కుడి చెయ్యి కింద గొట్టంలా వదులుగా ఉండాలి, కర్ర అందులో తిరగాలి. ఇది కుదరని పిల్లలకు రివర్స్ స్టిక్ (కర్రను తిప్పి ఎడమ పక్కనున్న బంతిని ఆడటం) ఎన్ని నెలలు నేర్పినా రాదు. అందుకే మొదటి రెండు మూడు తరగతుల్లో సగం సమయం పట్టుకే ఇవ్వండి, నష్టం లేదు.

ముందు కర్ర పొడవు చూడండి. నిటారుగా నిలబెడితే దాని పైకొస పిల్లల తుంటి ఎముక దగ్గరికి రావాలి. అంతకంటే పొడవైతే పిడి పొట్టకు గుచ్చుకుంటుంది, పిల్లలు నిటారుగా నిలబడిపోతారు, బంతి కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. "ఎదిగే పిల్లలు కదా" అని పెద్ద కర్ర కొనే తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పాలి. షిన్ గార్డులు (మోకాలి కింద కాలి ముందు భాగానికి కట్టే రక్షణ), మౌత్ గార్డ్ లేకుండా ఎవరినీ ఆటలోకి దించకండి. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే కర్ర ఉండదు, అందరిదీ ఒకటే. వాళ్ల బలమైన చెయ్యి పైన ఉంటుంది కాబట్టి కర్ర తిప్పడం వాళ్లకు తేలికగా వచ్చే అవకాశమే ఎక్కువ.

పట్టు పరీక్ష ఇలా చెయ్యండి. ఎడమ చెయ్యి పిడి పైకొసన, కుడి చెయ్యి దానికి ఒక జాన కింద. కిందికి చూస్తే ఎడమ చేతి కణుపులు కనిపించాలి, ఎడమ మోచెయ్యి ఒంటికి దూరంగా ఉండాలి. ఇప్పుడు కుడి చెయ్యి తీసేసి, ఎడమ చేత్తోనే కర్రను బంతి మీదుగా అటూ ఇటూ 20 సార్లు తిప్పమనండి. మణికట్టు మధ్యలో పట్టేస్తే చెయ్యి సరైన చోట లేదన్నమాట. కొంచెం జరిపి మళ్లీ చూడండి. తర్వాత కుడి చెయ్యి తిరిగి పెట్టించి, బంతిని ఒక అడుగు వెడల్పులో కుడికీ ఎడమకీ కదిలించమనండి. ముందు నిలబడి, ఆ తర్వాత నడుస్తూ.

తల దించుకునే అలవాటును "తల ఎత్తు" అని అరిచి మాన్పించలేం. డ్రిబుల్ చేస్తుండగా మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించండి, వాళ్లు లెక్క చెప్పాలి.

ఇక పుష్ పాస్. ఎడమ భుజం లక్ష్యం వైపు, పాదాలు భుజాలకంటే కాస్త వెడల్పుగా, నడుము కాదు, మోకాళ్లు వంచాలి. బంతి ఎడమ పాదానికి సూటిగా, కొంచెం దూరంగా ఉండాలి. కర్ర ముందే బంతిని ఆనుకుని ఉండాలి, వెనక్కి ఎత్తకూడదు. బరువు కుడి కాలి నుంచి ఎడమ కాలి మీదికి మారుతుండగా కుడి చెయ్యి నెట్టాలి, చివరికి కర్ర లక్ష్యాన్ని చూపాలి. దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు: 'టక్' మని వినిపించిందంటే నెట్టలేదు, కొట్టారు. బంతి గాల్లోకి లేస్తోందంటే అది మరీ ముందుందో, చేతులు దాని వెనక ఉండిపోయాయో చూడండి. పుష్ కుదిరేదాకా హిట్ జోలికి పోవద్దు. కర్రను పైకెత్తి ఊపే పిల్లల పక్కన ఇంకొకరు ఉంటే దెబ్బ తగలడానికి క్షణం చాలు.

ఆపడంలో రహస్యం కర్ర వాలు. చేతులు కర్ర కింది కొస కంటే కాస్త ముందుండాలి. అప్పుడు బంతి నేలకు నొక్కుకుని ఆగుతుంది. కర్ర వెనక్కి వాలితే బంతి ఎగిరి మోకాలికో ముఖానికో తగలొచ్చు. తాకే క్షణంలో కుడి చెయ్యి సడలించాలి, లేకపోతే గోడకు కొట్టినట్టు తిరిగి వెళ్లిపోతుంది.

60 నిమిషాల తరగతిలో 10 నిమిషాలు బంతితోనే వార్మప్, 20 నైపుణ్యం, 25 చిన్న ఆటలు, మిగిలింది నీళ్లకూ మాటకూ. క్యూలు కట్టించొద్దు. 12 మంది ఒక బంతి కోసం వరుసలో నిలబడితే ఒక్కొక్కరికి అందే స్పర్శలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తలా ఒక బంతి ఇవ్వండి, మనిషికీ మనిషికీ 3 మీటర్ల ఎడం ఉంచండి. ఆటకు 20×15 మీటర్ల మైదానాలు రెండు గీసి జట్టుకు ముగ్గురేసి చొప్పున ఆడించండి. గోల్ బదులు అవతలి గీతను బంతితో దాటితే పాయింటు. ఇందులో దాక్కోవడానికి ఎవరికీ చోటుండదు. బెరుకుగా ఉన్నవాళ్లకూ బంతి అందుతుంది.

తప్పులు ఐదు కనిపించినా దిద్దేది ఒకటే. "అలా పట్టుకోకు" అనే బదులు "కుడి చెయ్యి వదులు చెయ్యి" అనండి. చేసి చూపేటప్పుడు మాట్లాడకండి. పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూపిస్తే చాలు.

ముందుకు వెళ్లొచ్చో లేదో తేల్చుకోవడానికి 8 మీటర్ల దూరంలో రెండు కోన్లను మీటరు ఎడంతో పెట్టండి. 10 పుష్‌లలో 7 నేలబారుగా మధ్యలోంచి వెళ్తే, వచ్చే వారం పరుగెత్తుతూ పాస్ ఇవ్వడం మొదలుపెట్టించవచ్చు. 4 కంటే తక్కువైతే కోన్లను 5 మీటర్లకు దగ్గర చేసి పాదాలు ఎలా పెడుతున్నారో మళ్లీ చూడండి.