ఇంకొకళ్ల ఇంట్లో హారన్ స్పీకర్లు వినడానికి వెళ్లేముందు

హైఫై పిచ్చి, అంటే మంచి సౌండ్ సిస్టమ్‌ల పిచ్చి, ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకరోజు ఇలాంటి ఫోన్ వస్తుంది: "ఆదివారం ఖాళీయేనా? ఓసారి ఇంటికి రండి, మీరెప్పుడూ వినని సామాను వినిపిస్తా." షోరూముల్లో పెట్టినవి ఎవరైనా వెళ్లి వినొచ్చు. కానీ మూతపడిన సినిమా హాల్లో తెర వెనక నుంచి దింపుకొచ్చిన, బాకాలా నోరు విచ్చుకున్న హారన్ స్పీకర్లు, గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచే 8 వాట్ల ఆంప్లిఫయర్, చూడ్డానికి రూమ్ హీటర్‌లా ఉండే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు, ఇవన్నీ ఎవరి మేడ మీద గదిలోనో ఉంటాయి, వినాలంటే ఆ ఇంటి గడప తొక్కాల్సిందే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో నేనలా చాలా ఇళ్లకి వెళ్లాను, రెండు మూడు చోట్ల పరువు కూడా పోగొట్టుకున్నాను. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఫోన్లోనే అడగాల్సినవి అడిగేయండి. పాట దేని మీద పెడతారు, రికార్డు ప్లేయరా, సీడీనా, ఫోన్ కలపొచ్చా? నేను మొదటిసారి పెన్‌డ్రైవ్ నిండా పాటలు నింపుకుని ఊరు దాటి వెళ్లా. తీరా చూస్తే ఆయన దగ్గర ఉన్నది టర్న్‌టేబుల్ ఒక్కటే, పెన్‌డ్రైవ్ దూర్చడానికి ఎక్కడా కన్నం లేదు. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ నేను మాత్రం మూడు గంటలు ఆ పెన్‌డ్రైవ్‌ని జేబులో తడుముకుంటూ కూర్చున్నా.

తాతగారి కాలం నాటి గ్రామఫోన్ ప్లేట్లు పట్టుకెళ్దామనుకుంటే ఇంకో ప్రశ్న కూడా ఉంది: 78కి (నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేట్లకి) వేరే ముల్లు ఉందా? ఎల్పీ ముల్లు మొన దాదాపు 18 నుంచి 25 మైక్రాన్లు, 78 ప్లేటు గాడికి కావాల్సింది దాదాపు 75. చిన్న ముల్లు పెడితే గాడి గోడలకి ఆనకుండా అడుగున దేకుతుంది, గరగర తప్ప ఏమీ వినపడదు, ముల్లు పాడవుతుంది కూడా. ఏ రికార్డైనా ముందురోజే తుడిచి పెట్టుకోండి. మన వానాకాలం చెమ్మకి ఎల్పీల మీద తెల్లగా బూజు పడుతుంది, అది పైకి సరిగా కనపడదు. నేనొకసారి అలాంటిదే తీసుకెళ్తే పావు పాట కాకముందే ఆ ఇంటాయన ముల్లు చుట్టూ దూది ఉండలా పేరుకుంది, ఆయన మాట్లాడకుండా లేచి, కళ్లజోడు మార్చుకుని, బుల్లి బ్రష్షుతో పది నిమిషాలు శుభ్రం చేశారు. ఆ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) ఖరీదు తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది, ఇక్కడ రాయను. ఇంకో జాగ్రత్త, ఎల్పీలని స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడిచే అలవాటుంటే పాత 78 ప్లేట్ల జోలికి దానితో వెళ్లకండి. అవి లక్కతో చేసినవి, చెక్క పాలిష్ పెట్టేవాళ్లు లక్కని కరిగించేది స్పిరిట్లోనే.

వినబోయే సామాను దేనికోసం పుట్టిందో కొంచెం తెలుసుకుని వెళ్లండి, అది తెలియకపోతే చెవులు పొరపాటు చోట వెతుకుతాయి. "ఎనిమిది వాట్లేనా, మా అబ్బాయి బ్లూటూత్ డబ్బాకే ఇరవై ఉన్నాయి" అని నా పక్కన కూర్చున్న ఒకాయన నిజంగానే అన్నాడు. 300బి అనే వాల్వు వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 1938లో తెచ్చింది, సినిమా హాళ్ల ఆంప్లిఫయర్లలో వాడిన జాతి. ఒక్క వాల్వుతో నడిపితే ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకరుకి, దాదాపు 8 వాట్లు వస్తాయి. ఆ రోజుల్లో వాట్లు దొరకడమే కష్టం, అందుకని ఉన్న కాస్త పవర్‌ని వృథా కానివ్వకుండా స్పీకర్లకి పెద్ద హారన్లు పెట్టారు. మామూలు ఇంటి స్పీకరు ఒక వాటుకి మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తే పెద్ద హారన్ 104 దాకా ఇస్తుంది. 18 డెసిబెల్స్ తేడా అంటే పవర్‌లో 60 రెట్ల పైమాటే. అంటే ఆ 8 వాట్లకి సమానమైన మోత మీ ఇంటి స్పీకర్లలో రావాలంటే దాదాపు 500 వాట్లు తోయాలి. చిల్లుల తెర వెనక నుంచి, ఆఖరి బెంచీ దాకా మాట స్పష్టంగా వినిపించాలని చేసిన సామాను అది. కాబట్టి హారన్ల దగ్గర ముందు గొంతు వినండి, మాట వినండి, దరువులో మొదటి దెబ్బ వినండి. నేల అదిరే బాస్ కోసం ఎదురు చూడకండి, అది వాటి పని కాదు.

ఎలక్ట్రోస్టాటిక్‌ల సంగతి పూర్తిగా వేరు. క్వాడ్ అనే ఇంగ్లండ్ కంపెనీ వాళ్ల మొదటి మోడల్, పీటర్ వాకర్ చేసింది, 1957లో అమ్మకానికి వచ్చింది, ఇప్పటికీ దాని కోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు. అందులో అట్టముక్క కోన్ ఉండదు, వెంట్రుక కంటే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మీద వేల వోల్టులు (బాస్ ప్యానెళ్ల మీద సుమారు 6000). అందుకే స్పీకర్లకి కూడా కరెంటు ప్లగ్గు ఉంటుంది, చూసి ఆశ్చర్యపోకండి. ఆ వోల్టేజీకి దుమ్ము వచ్చి అంటుకుంటుంది, చెమ్మ తగిలితే టిక్ టిక్ మని లీకవుతుంది. విశాఖలో సముద్రం దగ్గర ఇల్లున్న ఒకాయన అతిథి వచ్చే గంట ముందే ఏసీ వేసి గదిని పొడిగా చేసి, పాట మొదలయ్యాక ఆపేస్తారు. ఇలాంటి స్పీకర్ల ముందు కూర్చుని తీన్‌మార్ డప్పు పెట్టమని, ఇంకొంచెం పెంచమని అడగకండి. మోతాదు మించితే లోపల నిప్పురవ్వ లేచి ప్యానెల్ పోతుంది, బాగుచేసేవాళ్లు మన దగ్గర అరుదు. తంబురా, వీణ, ఒంటరి గొంతు, ఇవి పెట్టించుకోండి. తల జానెడు పక్కకి జరిపితే పైస్వరాల మెరుపు తగ్గిపోతుంది, కాబట్టి కుర్చీలో కుదురుగా కూర్చోండి.

టైమ్ విషయంలో నా సలహా ఆదివారం పొద్దున్నే. ట్రాఫిక్ గోల తక్కువ, కరెంటు కాస్త నిలకడగా ఉంటుంది. సాయంత్రం కాలనీలో అందరూ ఏసీలు వేశాక వోల్టేజీ కిందామీదా అవుతుంది, ఈలోగా కరెంటు పోయి మామూలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదకి మారిందంటే ట్రాన్స్‌ఫార్మర్లు కందిరీగల్లా మూలుగుతాయి. వినాయకచవితి తొమ్మిది రోజులు, పెళ్లిళ్ల ముహూర్తాలు చూసుకుని వెళ్లండి, పక్క వీధిలో డీజే పెడితే మీ 300బి దాని ముందు ఏం చెప్పుకుంటుంది! చెప్పిన టైముకే వెళ్లండి, ఇది మర్యాద కోసమే కాదు. వాల్వులు వేడెక్కి కుదురుకోవడానికి అరగంట పడుతుంది, మీరు పదింటికి వస్తారని ఆయన తొమ్మిదిన్నరకే స్విచ్ వేసి ఉంటారు, మీరు తీరిగ్గా పన్నెండుకి చేరితే అన్ని గంటల వాల్వు ఆయుష్షు ఊరికే కాలిపోయినట్టు. చెప్పకుండా ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లడం, చిన్నపిల్లల్ని తీసుకెళ్లడం కూడా వద్దు. వాల్వు గాజు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, లోపల మూడు నాలుగొందల వోల్టులు, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కాసేపు ఉంటాయి.

ఎండాకాలమైతే ఒక చేతిరుమాలు ఎక్కువ పెట్టుకోండి. ఫ్యాన్ ఆపేస్తారు. ఆపకపోతే మీరే అడగండి, పైన తిరిగే రెక్కలు సన్నటి శబ్దాలన్నీ మింగేస్తాయి.

ఇంట్లోకి వెళ్లాక టిఫిన్ పెడితే ముందు అది కానివ్వండి. వినేటప్పుడు ప్లేట్ల చప్పుడు ఉండదు, ఈలోగా మాటల్లో గది కూడా తెలుస్తుంది. కొందరు వెళ్లగానే గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి ప్రతిధ్వని చూస్తారు, ఇల్లు కొనడానికి వచ్చినట్టు. అక్కర్లేదు, మీ సొంత గొంతు ఆ గదిలో ఎలా మోగుతోందో వింటే చాలు. మన ఇళ్లలో కింద టైల్స్, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు, చాలాచోట్ల మాటే గంగాళంలోంచి వచ్చినట్టుంటుంది, తర్వాత స్పీకర్లలో గొంతు గరుగ్గా అనిపిస్తే అందులో సగం పాపం గదిదే. ఫోన్ సైలెంట్లో పెట్టి ఆంప్‌కి దూరంగా ఉంచండి. ఏ నాబూ తిప్పకండి, ఏ వైరూ కదపకండి. వాల్వ్ ఆంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ వైరు ఊడిందంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. మధ్య కుర్చీ మీకిస్తే మొహమాటపడకుండా కూర్చోండి.

మొదటి గంట ఆయనది. ఆయన ఏది పెడితే అది, పూర్తిగా, మధ్యలో మాట్లాడకుండా. తన సిస్టమ్‌కి ఏది నప్పుతుందో ఆయనకి ఏళ్ల తరబడి తెలుసు, అది వినకుండా మనది పెట్టమనడం వంటింట్లో దూరి సొంతంగా పోపు వేసుకోవడం లాంటిది. రెండో గంట మీది, కానీ నాలుగు పాటలు చాలు. ఏం పట్టుకెళ్లాలి? హైఫైవాళ్లంతా వాడే పరదేశీ జాజ్ రికార్డులు కాదు, దగ్గరగా కూర్చుని, మైకు లేకుండా, మీ చెవులతో విన్న వాయిద్యం ఉన్న రికార్డు పట్టుకెళ్లండి. స్టూడియోలో కలిపిన సినిమా పాట అసలు ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు. మృదంగం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎడమ వైపు తొప్పి మీద తడిపిన రవ్వ ముద్ద ఉంటుంది, ఆ గుంకారం సాగి, వంగి, ఆగాలి, ఊరికే 'దబ్' అంటే సిస్టమ్ అక్కడ అబద్ధం చెబుతున్నట్టే. కుడి వైపు చాపు దెబ్బలో కంచు గిన్నె మీద కొట్టినట్టు ఒక మోత వినపడాలి. తంబురాలో జీవాళి దారం తెచ్చే ఆ జుమ్మనే నాదం ఒక తీగ నుంచి ఇంకో తీగకి తెగకుండా సాగుతోందా చూడండి. నాదస్వరం హారన్ల మీద విన్నారంటే, పెళ్లిపందిట్లో సన్నాయి మేళం పక్కన నిలబడ్డట్టే ఉంటుంది, ఎందుకంటే అదీ ఒక హారనే కదా.

మోత ఎక్కువైతే బాగున్నట్టు అనిపించడం చెవి గుణం. ఒక డెసిబెల్ పెంచినా "ఇది బెటర్" అంటాం. రెండు ఆంప్‌లు మార్చి వినిపిస్తుంటే రెండూ ఒకే మోతలో ఉన్నాయా అని అడగండి, ఫోన్లో మీటర్ యాప్ ఉన్నా పనికొస్తుంది. 85 డెసిబెల్స్ దగ్గర గంటలు కూర్చోవచ్చు, 100 దగ్గర పావుగంటకే చెవికి ప్రమాదం. హారన్లు మోత ఎక్కువైనా చికాకు పెట్టవు, అదే వాటితో చిక్కు, తెలియకుండానే పెంచుకుంటూ పోతాం.

ఇక అసలు టెన్షన్, "ఎలా ఉంది?" అని ఆయన అడిగే క్షణం. "సూపర్" అంటే ఏమీ చెప్పనట్టే, "బాస్ తక్కువ" అంటే కాఫీ చల్లారిపోయినట్టే. మీరు నిజంగా విన్న ఒక్క సంగతి చెప్పండి: "రెండో చరణంలో ఆయన ఊపిరి తీసుకోవడం నేనెప్పుడూ వినలేదండీ." అంతే, ఆయన మొహం చూడండి. తేడా ఏదైనా కనిపెడితే ప్రశ్నలా అడగండి. విజయవాడలో ఒక ఇంట్లో గొంతు మధ్యలోంచి రాకుండా గదంతా పరుచుకున్నట్టు, బాస్ పీలగా అనిపించింది, ఒక స్పీకరుకి ప్లస్ మైనస్ తారుమారయ్యాయని నా అనుమానం. అది నేరుగా అనకుండా "అంకుల్, ఒకసారి మోనోలో పెడతారా" అన్నా, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా. మోనోలో గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య మేకు కొట్టినట్టు నిలబడాలి, నిలబడలేదు, ఆయనే రెండు నిమిషాలు తల వంచుకుని విని, ఆంప్ ఆపేసి, లేచి వెనక్కి వెళ్లి వైరు మార్చుకున్నారు. మూడు నెలలుగా అలాగే వింటున్నారట, ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పారు.

రేటు అడగకండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్ల ముందు. కేబుళ్ల మీద వాదన పెట్టుకోకండి, అది ఎవరూ గెలవరు, టైము పోతుంది. ఫొటోలు అడిగి తీసుకోండి, ఇల్లు కనపడకుండా.

రెండు గంటలకి చెవులు అలసిపోతాయి, అక్కడితో లేవండి. ఇంటికి రాగానే మీ సిస్టమ్ వేసి చూసుకోకండి, ఆ రాత్రి అది రేకు డబ్బాలా వినిపిస్తుంది, ఆ కోపంలో ఉన్నవి అమ్మేసినవాళ్లని చూశాను. రెండు మూడు రోజులు పోయాక వినండి. ఆయన్ని మీ ఇంటికి పిలవండి, పిలిచేముందు హాల్లో ఉన్న ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకసారి తిప్పి చూసుకోండి, చాలా ఇళ్లలో స్పీకర్లలో వచ్చే ఆ జీరుమనే చప్పుడు దానిదే. ఫుల్ స్పీడులోనో, పూర్తిగా ఆపేసో ఉంచితే పోతుంది.