దోమ కుట్టే వేళను బట్టి దాని పుట్టిల్లు పట్టుకోవడం

విజయవాడలో దోమల మాట ఎత్తితే చాలు, అందరూ ముందు కాలువల్నే తిడతారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవి చాలవన్నట్టు బుడమేరు. ఆ తిట్లలో కొంత న్యాయం ఉంది. కానీ దోమ పిల్లలు పారే నీళ్లలో నిలవలేవు. కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో, అడుగున మడుగులు కట్టిన మురుగులో మాత్రం జోరుగా పెరుగుతాయి. మిగతా రోజుల్లో కాలువను అనేముందు మన గోడ లోపల వెతకడం మంచిది.

కొత్త దోమల మెషీన్ కొనే ముందు ఒకటి రెండు రోజులు కాస్త గమనించండి. ఏ వేళ కుడుతోంది? ఒంటి మీద ఎక్కడ కుడుతోంది? ఏ గదిలో ఎక్కువ? దోమల్లో రకానికో వేళ, రకానికో నీళ్లు. వేళ తెలిస్తే ఏ నీళ్ల కోసం వెతకాలో తెలుస్తుంది.

పగలే కుడుతోంది, అదీ చీలమండల దగ్గర

నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి పట్టీలు. చెవి దగ్గర రొద పెట్టదు, కుట్టాకే తెలుస్తుంది. పొద్దున ఎండ ముదిరేలోపు, సాయంత్రం చీకటి పడేలోపు దాని హడావుడి ఎక్కువ. ఇది ఏడిస్ దోమ. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చేది ఇదే. మురుక్కాలువ జోలికి పెద్దగా పోదు, మనం వాడుకునే లాంటి తేట నీళ్లే కావాలి దీనికి. పుట్టిన చోటి నుంచి మామూలుగా ఒకటి రెండు వందల మీటర్లకు మించి పోదు. అంటే పగలు కుడుతోందంటే పుట్టిల్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నట్టే.

వెతకాల్సిన చోట్లు: ఫ్రిజ్ వెనక కింద ఉండే ట్రే, వాడకుండా మూలన పెట్టిన కూలర్, మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింద పళ్లెం, పిట్టలకు నీళ్లు పోసే మూకుడు, మేడ మీద పెయింట్ డబ్బాలు, కొబ్బరి చిప్పలు, వాన నీళ్లు నిలిచిన టార్పాలిన్ ముడతలు. ఆటోనగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు పాత టైర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. టైరు ఎటు తిప్పినా లోపల కాసిని నీళ్లు నిలుస్తాయి. వాన తగలని చోటుకు, అంటే కప్పు కిందకు చేర్చడం, లేదా రంధ్రాలు పెట్టి నీళ్లు కారిపోయేలా చేయడం తప్ప దానికి వేరే మార్గం లేదు.

దొడ్లో రోలు ఉన్నవాళ్లు దాన్ని తప్పకుండా చూడండి. వాన వెలిశాక వంగి చూస్తే నీళ్లలో గిలగిల్లాడుతూ పైకీ కిందకీ తిరిగే సన్నటి పురుగులు కనిపిస్తాయి, నీడ పడగానే అడుగుకు పోతాయి. అవే దోమ పిల్లలు. రోలు బోర్లించలేం కాబట్టి గుంటను ఇసుకతో నింపేస్తే సరిపోతుంది. సంక్రాంతికి పిండి దంచాలంటే అప్పుడు తీసి కడుక్కోవచ్చు, ఈ రోజుల్లో దంచేదెవరు అన్నది వేరే సంగతి.

నీళ్ల డ్రమ్ముల దగ్గర చాలామంది ఒక పని సగమే చేస్తారు. పాత నీళ్లు వంపేసి వెంటనే కొత్త నీళ్లు పట్టేస్తారు. ఏడిస్ గుడ్లు నీళ్లలో తేలవు, నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు నల్లటి నలుసుల్లా అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగిలితే పిల్లలవుతాయి. అందుకని కొబ్బరి పీచుతోనో గరుకు బ్రష్షుతోనో లోపలి అంచులు గట్టిగా రుద్ది, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు నింపాలి. మన వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ప్రభుత్వం శుక్రవారం డ్రై డే పాటించమనేది ఈ లెక్క మీదే. శుక్రవారం కుదరకపోతే ఆదివారం చేసుకోండి, వారం మాత్రం తప్పనివ్వకండి. మూత లేని డ్రమ్ముకు పాత పంచె గుడ్డ కప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడితే దోమ దూరదు. గుడ్డ మధ్యలో కుంగి నీళ్లను తాకుతుంటే ఆ తడి మీదే గుడ్లు పెడుతుంది, బిగుతుగా కట్టండి.

ఇల్లంతా గాలించినా ఏమీ దొరకలేదంటే పక్కన కట్టే అపార్ట్‌మెంట్ వైపు చూడండి. స్లాబు క్యూరింగ్ కోసం కట్టిన నీళ్లు, లిఫ్ట్ గుంత, సెల్లారులో ఊట నీళ్లు. ముందు వాచ్‌మన్‌తో, ఆపైన బిల్డర్‌తో మాట్లాడాలి. వినకపోతే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫొటో కూడా జత చేస్తే పని త్వరగా కదులుతుంది.

దీపాలు పెట్టే వేళకి గుంపుగా వచ్చి, రాత్రంతా చెవి దగ్గర రొద

ఇది క్యూలెక్స్. గోధుమ రంగు, మురికి నీళ్లంటే ఇష్టం. బోదకాలు జబ్బును మోసేది ఈ జాతే. శివరాత్రికి ముందూ వెనకా మన ఊళ్లో ఒక్కసారిగా దోమలు పెరిగాయని అందరూ అనేది దీని గురించే. వానలు ఉండవు, కాలువలో నీళ్లు కదలవు, మురుగు చిక్కబడుతుంది.

వీధి సైడు కాలువ అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది సెప్టిక్ ట్యాంకు. నన్నడిగితే రాత్రి దోమ ఎక్కువున్న ఇంట్లో మొట్టమొదట చూడాల్సింది మేడ మీదికి లేచిన ఆ వెంట్ పైపే. అనుమానం తీర్చుకోవడం తేలిక. పలుచని నైలాన్ గుడ్డనో పాత దోమతెర ముక్కనో సంచిలా కుట్టి, సాయంత్రం పైపు మూతికి తొడిగి తాడు కట్టండి. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడండి. సంచి లోపల దోమలు అంటుకుని ఉంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. దోమ పట్టనంత సన్నటి జాలి ముక్కను పైపు మూతి మీద పెట్టి, అంచులు కిందకి వంచి, తీగతో చుట్టూ బిగించాలి. స్టీలు జాలి అయితే ఎక్కువ కాలం ఉంటుంది. ఎండకు నైలాన్ పొడి పొడి అవుతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. పాలిథిన్ కవరు మాత్రం కట్టకండి, గ్యాసు బయటికి పోవాలి. పైపు ఒక్కటే కాదు, ట్యాంకు మీది పలకల సందులు, పగిలిన మూతల అంచులు కూడా సిమెంటుతో పూడ్చాలి. అద్దెకున్నవాళ్లు ఇంటి ఓనర్‌కి ఈ పని చెప్పడానికి మొహమాటపడతారు. జాలి ముక్క, తీగ మీరే తెచ్చి కట్టుకుంటే అడిగే పనే ఉండదు.

ఇంకో చోటు ఉంది, మన వైపు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పిల్లలు అమెరికాలో ఉంటారు, మేడ మీద పోర్షన్‌కు తాళం. వాళ్లు వచ్చేదాకా ఆ బాత్రూమ్‌లో కమోడు నీళ్లు, ఫ్లష్ ట్యాంకు నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి. వారానికోసారి తాళం తీసి ఫ్లష్ కొట్టి, రెండు చెంబులు నీళ్లు నేల జాలీలో పోయండి. తీయడం కుదరకపోతే కమోడు మూత వేసి ప్లాస్టిక్ షీటుతో మూసేయండి.

సైడు కాలువలో నీళ్లు కదలకపోతే రంపపు పొట్టును పాత ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి గుడ్డలో మూట కట్టి వేస్తారు. మున్సిపాలిటీ వాళ్లు వేసే ఆయిల్ బాల్స్ ఇవే. నీటి మీద పొర కట్టి పిల్ల పురుగులకు గాలి అందనివ్వదు. కాలువలో చెత్త తీయకుండా ఇవి వేస్తే కొట్టుకుపోయే దాకే పనిచేస్తాయి. బావిలో, సంపులో, వాడుకునే నీళ్లలో వీటిని పొరపాటున కూడా వేయకూడదు.

ఐదో అంతస్తులో ఉన్నా వదలడం లేదు

దోమ మెట్ల మీదుగా, లిఫ్టులో మనతోపాటే పైకి వస్తుంది. మీ పైన ఓవర్‌హెడ్ ట్యాంకు మూత సరిగా లేకపోతే అసలు కింద నుంచి రావాల్సిన పనే లేదు. పట్నాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమకు ఓవర్‌హెడ్ ట్యాంకులంటే ప్రాణం. గోడ మీద వాలినప్పుడు తల కిందకి, వెనక భాగం పైకి ఎత్తి ఏటవాలుగా నిలబడుతుంది, అదీ దీని గుర్తు. ట్యాంకు మూత బిగించి, పొర్లిపోయే పైపు మూతికి కూడా జాలి కట్టాలి. ఈ పైపు సంగతి అపార్ట్‌మెంట్ కమిటీలు ఎప్పుడూ మర్చిపోతాయి.

మెషీన్ రాత్రంతా వెలుగుతున్నా ఫలితం లేదు

చాలా ఇళ్లలో కారణం ఒకటే. దోమలు లోపలికి వచ్చేశాక, పడుకోబోయే ముందు స్విచ్ వేస్తారు, కిటికీలు తెరిచే ఉంటాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందే తలుపులు, జాలీ లేని కిటికీలు మూసి, మెషీన్ వేసి, తర్వాత గాలి కోసం జాలీ ఉన్న కిటికీ తెరవండి. ఇంత చేసినా తగ్గలేదంటే, అందులో వాడే పైరిత్రాయిడ్ మందులకు చాలాచోట్ల దోమలు అలవాటు పడిపోయాయని గుర్తుపెట్టుకోండి. ఇంకా ఎక్కువ మందు మనం పీల్చడం దానికి జవాబు కాదు.

దోమల అగరుబత్తీల దగ్గర జాగ్రత్త. పెట్టె మీద క్రిమిసంహారక మందుల రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అందులో ఏం కలిపారో మనకు తెలియదు. కాయిల్ పొగ మూసిన గదిలో వద్దు, ముఖ్యంగా ఆయాసం ఉన్నవాళ్లూ పసిపిల్లలూ ఉన్న గదిలో. అల్ట్రాసోనిక్ శబ్దంతో దోమల్ని తరిమే పరికరాలు పనిచేయవు, డబ్బు దండగ. దోమల బ్యాట్ బాగానే పనిచేస్తుంది, వాయించే ఓపిక మీకుంటే.

ఫాగింగ్ బండి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ పొగ అప్పుడు గాలిలో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది. డ్రమ్ములో ఉన్న పిల్ల పురుగులకు ఏమీ కాదు. అందుకే వారం తిరక్కముందే మళ్లీ మొదలు.

తెర కట్టుకున్నా కుడుతోంది

మోచెయ్యో మోకాలో తెరకు ఆనుకుని ఉంటే బయట నుంచే కుట్టేస్తుంది. తెర అంచు వేలాడేయకుండా పరుపు కిందకి దోపాలి. లోపలికి వెళ్లాక ఒకసారి ఫోన్ లైటు వేసి మూలలు చూసుకోవాలి, ఒక్కటి లోపల ఉండిపోతే చాలు.

పదిమందిలో నన్నే కుడుతోంది

ఇది భ్రమ కాదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడు, చెమట, ఒంటి వాసన, ఒంటి వేడి చూసి దోమ వస్తుంది. మనిషి మనిషికీ ఇవి తేడాగా ఉంటాయి. గర్భిణుల దగ్గరకు ఎక్కువ వస్తుంది. ముదురు రంగు బట్టలకు ఆకర్షణ ఎక్కువ. లేత రంగు, వదులుగా ఉండే పూర్తి చేతుల బట్టలు వేసుకోండి. కాళ్ల వైపు టేబుల్ ఫ్యాను పెట్టుకోండి, దోమ బలహీనంగా ఎగురుతుంది కాబట్టి ఆ గాలికి నిలవలేదు. క్రీమ్ రాసుకునేటప్పుడు చీలమండలు, పాదాల పైభాగం మర్చిపోకండి. పిల్లల అరచేతులకు రాయకూడదు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలల లోపు పసికందులకు క్రీమ్ అసలు వద్దు, తెర చాలు.

కుట్టిన చోటు మానింది, కానీ జ్వరం వచ్చింది

డెంగీ సీజన్‌లో హఠాత్తుగా తీవ్ర జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులు వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకేమీ సొంతంగా వేసుకోకండి. ఐబుప్రొఫేన్, ఆస్పిరిన్ రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్షలో డెంగీ బయటపడే అవకాశం ఎక్కువ. జ్వరం తగ్గగానే తేలికపడి టెన్షన్ వదిలేస్తారు, అసలు జాగ్రత్త కావాల్సింది అప్పుడే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మరీ డీలాపడటం, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రోగిని పగలు కూడా తెరలోనే పడుకోబెట్టండి. లేకపోతే అదే ఏడిస్ దోమ ఆ మనిషిని కుట్టి, ఓ వారం పది రోజుల తర్వాత ఇంట్లో ఇంకొకరికి అంటిస్తుంది.