కొత్త కారు డెలివరీ తీసుకోవడం ఎలా? దండ వేయకముందే చేయాల్సిన పని

మా బంధువుల్లో ఎవరు కారు కొన్నా డెలివరీకి నన్ను వెంటబెట్టుకుని వెళతారు. అందరూ చేసే తప్పు ఒకటే. ముహూర్తం పెట్టించుకుని, ఇంటిల్లిపాదీ పట్టుబట్టల్లో బందరు రోడ్డు షోరూంకి వెళ్లి, కారు మీద కప్పిన గుడ్డ లాగి, కేకు కోసి, అట్టముక్కతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగుతారు. అక్కణ్నుంచి నేరుగా దుర్గమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించడానికి బయల్దేరతారు. కారుని మాత్రం ఎవరూ చూడరు.

కావాల్సినవి: ఫోన్ టార్చి, మెత్తటి గుడ్డ, పెన్ను, కాగితం, మొహమాటం లేని మనిషి ఒకరు.

1. కొటేషన్

ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి. ఎక్స్‌షోరూం (పన్నూ ఇన్సూరెన్సూ కలపని బండి ధర), లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ విడివిడిగా రాయించండి. హ్యాండ్లింగ్ ఛార్జీలు అని డీలరు అదనంగా వేసింది ఉంటే కొట్టేయమనండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ మూడేళ్లకి తప్పనిసరి. ఓన్ డ్యామేజీ, అంటే మన బండికి జరిగే నష్టానికి, మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది, దాన్ని ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

2. బుకింగ్

వేరియంట్, రంగు రసీదు మీద రాయించండి. అడ్వాన్సు తక్కువ ఇవ్వండి. అంతే.

3. కారుని చూడటం

అందరూ పాడుచేసేది ఇక్కడే. రిజిస్ట్రేషన్‌కి ముందు, మిగతా డబ్బు కట్టకముందు, మీకు కేటాయించిన బండినే చూడాలి. మీ పేరు మీద రిజిస్ట్రేషన్ అయ్యాక గీత కనిపించిందంటే, 'టచప్ చేసిస్తాం సార్' అంటారు తప్ప బండి మార్చరు. ముహూర్తం రోజు చూద్దాంలే అనుకోకండి. కనీసం నాలుగు రోజుల ముందు, పొద్దున పది గంటల లోపు, ఊరి బయట వాళ్ల స్టాక్‌యార్డుకే వెళ్లండి. షోరూం లైట్ల కింద అన్ని కార్లూ పెళ్లికూతుళ్లే. ఉత్త నీళ్లతో కడిగించండి, పాలిష్ వద్దనండి. దుమ్ములోనూ గీతలు దాక్కుంటాయి, పాలిష్‌లోనూ దాక్కుంటాయి.

ముందు ఛాసిస్ నంబరు రాసుకోండి, 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తర్వాత ఇన్‌వాయిస్‌లో ఇదే నంబరు ఉండాలి, చూసిన బండి ఒకటి, ఇచ్చేది ఇంకోటి కాకుండా. తయారైన నెల, ఏడాది అడగండి. అవి ఆర్సీలో పడతాయి, రేపు అమ్మేటప్పుడు బేరం వాటిని బట్టే నడుస్తుంది. టైరు మీద నాలుగంకెలుంటాయి. 3125 అంటే 2025లో 31వ వారం. స్టెప్నీతో సహా అయిదూ దగ్గరదగ్గరగా ఉండాలి.

పెయింటుని ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ తెలియదు. పక్క నుంచి, వంగి, వెలుగు జారేటట్టు చూడాలి. బానెట్ ఎత్తి ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) బోల్టులు చూడండి. వాటి మీద రంగు లేచిందంటే పానా పడినట్టే, ఆ రేకు విప్పి బిగించారన్నమాట. డోరు రబ్బరు అంచుల్లో రంగు తుంపర ఉంటే మళ్లీ పెయింట్ కొట్టినట్టే.

మా బావమరిది గుంటూరులో కొన్న కారుకి ఎడమ ఫెండర్ బోల్టు మీద రంగు లేచి ఉంది. 'ట్రాన్స్‌పోర్టులో అలా అవుతుంది సార్' అన్నాడు సేల్స్ కుర్రాడు. 'పోనీలే బావా, ముహూర్తం దాటిపోతుంది' అన్నాడు వీడు. నేను కదల్లేదు. పదిహేను రోజులకి వేరే కారు వచ్చింది. మా అత్తగారు మాత్రం ముహూర్తం తప్పించానని ఇప్పటికీ అంటారు.

ఓడోమీటర్ 50 కిలోమీటర్లు దాటితే ఎందుకని అడగండి. ఏసీ, అద్దాలు, కెమెరా, జాకీ, అన్నీ చూశాకే డబ్బు మాట.

ఈ గొడవంతా మధ్యలో డీలరు ఉండటం వల్లే, కంపెనీయే నేరుగా అమ్మితే పోతుంది కదా అని అడుగుతుంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు దానికి చట్టంతోనే అడ్డం పడ్డాయి. టెక్సాస్‌లో ఫ్యాక్టరీ ఉన్న టెస్లాకి కూడా అక్కడ షోరూంలో కారు అమ్మడానికి వీల్లేదు. మన దగ్గర అలాంటి అడ్డు లేదు. మెర్సిడెస్ బెంజ్ 2021 నుంచి తనే ఇన్‌వాయిస్ ఇస్తోంది, దేశమంతా ఒకే ఎక్స్‌షోరూం ధర. ఓలా తన స్కూటర్లని సొంత స్టోర్లలో అమ్ముతోంది. ఎవరు అమ్మాలో చట్టం చెప్పక్కర్లేదని నా అభిప్రాయం, ఇద్దర్నీ అమ్మనివ్వాలి. హ్యాండ్లింగ్ ఛార్జీల నాటకం దాంతో తగ్గుతుంది. అయితే ఆటోనగర్‌లో మా మెకానిక్ అనేదీ నిజమే: 'డీలరైతే వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుంటావు, కంపెనీ అయితే ఎక్కడ కూర్చుంటావు?' ఏదేమైనా, ఎవరు అమ్మినా లారీలోంచి దింపేటప్పుడు గీత పడక మానదు. బోల్టులు మీరే చూసుకోవాలి.

4. డబ్బు, కాగితాలు

మిగతా మొత్తం బ్యాంకు ద్వారానే కట్టండి. ఇన్‌వాయిస్, ఫారం 21 (అమ్మినట్టు సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డు మీదికి పనికొస్తుందన్న తయారీదారు సర్టిఫికెట్), పాలసీ, వారంటీ పుస్తకం, రెండు తాళాలు తీసుకోండి. తాత్కాలికమో శాశ్వతమో, రిజిస్ట్రేషన్ లేకుండా బండి అప్పగించకూడదన్నది రూలు. 'నంబరు రేపొస్తుంది, తీసుకెళ్లిపోండి' అంటే వినకండి.

5. డెలివరీ

ఇక దండలు, కేకు, ఫొటోలు మీ ఇష్టం. వాళ్లు పోసే పెట్రోలు పక్కనున్న బంకు దాకానే వస్తుంది. గుడికన్నా ముందు అక్కడ ఆపండి.