పార్డనర్ మీద ఆన్సర్ ఎలా రాయాలి

పెదవాల్తేరులో మా ఇంటి డాబా మీద ఎంఏ ఇంగ్లీష్ పిల్లలకి ఇంగ్లీషు కవి చాసర్ రాసిన 'కాంటర్బరీ టేల్స్' చెబుతుంటాను. అందులో యాత్రికులు దారిలో ఒకరికొకరు కథలు చెప్పుకుంటారు; చర్చి పేరుతో పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే పార్డనర్ వాళ్లలో ఒకడు. పరీక్షలు దగ్గర పడితే చాలు, "పార్డనర్ హిపోక్రైట్ అని రాసేస్తే సరిపోతుందా మేడమ్?" అని అడుగుతారు. సరిపోదు. తాను మోసగాణ్ణని వాడే నోరారా చెప్పుకున్నాడు. మోసం ఎలా చేస్తాడో మీరు రాయాలి.

ముందు గైడ్లు పక్కన పెట్టి యాత్రికుల్ని పరిచయం చేసే ముందుమాట, అంటే జనరల్ ప్రోలాగ్‌లో వాడి వర్ణన పైకి చదవండి. 14వ శతాబ్దపు ఇంగ్లీషు అని టెన్షన్ పడొద్దు, చెవిన పడితే సగం అర్థమవుతుంది. మైనం లాంటి పసుపు జుట్టు, మేక గొంతు, గడ్డం రాని ముఖం: వీటికి ఒక వాక్యం చాలు. అసలు సరుకంతా వాడి దగ్గరున్న సామానులో ఉంది. రోమ్ నుంచి తెచ్చానని చెప్పే పాపక్షమాపణ పత్రాలు, మేరీమాత ముసుగని చూపించే దిండు గలీబు, గాజు పాత్రలో పంది ఎముకలు. వీటితో ఒక్క రోజులో వాడు లాగే డబ్బు, పల్లెటూరి పాదిరీకి రెండు నెలల్లో కూడా రాదు.

తర్వాత, తన కథకి ముందు వాడు చెప్పుకునే సొంత ప్రోలాగ్‌కి రండి. ఇక్కడ నిదానంగా చదవాలి. సిగ్గుతో బయటికి చెప్పుకోలేనంత ఘోర పాపం చేసినవాళ్లు, మొగుణ్ణి మోసం చేసిన ఆడవాళ్లు కానుక వేయడానికి ముందుకు రాలేరని చర్చిలో ప్రకటిస్తాడు. ఇక కూర్చున్న చోటే ఉండిపోయే ధైర్యం ఎవరికుంటుంది? పక్కింటావిడ చూస్తూ ఉంటుంది. పైసా ఇవ్వకూడదనుకున్న మనిషి కూడా లేచి వెళ్లి వేసొస్తాడు. భక్తితో పనిలేదు, పరువు భయం చాలు. నా లెక్కలో చాసర్ రాసిన అతి పదునైన చోట్లలో ఇదొకటి.

వాడి ప్రసంగానికి ఎప్పుడూ ఒకటే బైబిల్ వాక్యం, 1 తిమోతి 6:10: "ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము." చర్చికి వెళ్లే మా పిల్లలు దీన్ని తెలుగులో అప్పజెప్పేస్తారు. తాను ఆ పాపంలోనే ఉన్నా, ఎదుటివాళ్లని దాని నుంచి మళ్లించగలనంటాడు పార్డనర్. చెడ్డవాడి నోట వచ్చిన మంచి మాట పనిచేస్తుందా? ఆన్సర్‌లో సగం దీనికే కేటాయించండి.

వాడు చెప్పే కథ క్లుప్తంగా చాలు. చావుని చంపుతామని బయల్దేరిన ముగ్గురు తాగుబోతులు చెట్టు కింద బంగారం చూసి, దానికోసం ఒకర్నొకరు చంపుకుంటారు. ఇలాంటి కథే బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన వేదబ్భ జాతకంలోనూ ఉంది; అందులో నిధి కోసం దొంగలు ఇలాగే చస్తారు. భీమిలి రోడ్డులో బౌద్ధారామం ఉన్న తొట్లకొండ ఎక్కినవాళ్లు ఈ పోలిక తప్పక రాయాలని నా కోరిక.

కథయ్యాక వాడు అవే సామాన్లు చూపించి, ముద్దు పెట్టుకుని కానుక వేయమని తోటి యాత్రికులనే అడుగుతాడు. యాత్రికుల్ని నడిపించే సత్రం యజమాని హోస్ట్ మండిపడి తిడితే పార్డనర్ నోట మాట రాక ఉండిపోతాడు. చివరికి యాత్రికుల్లో ఒకడైన యోధుడు నైట్ ఇద్దరికీ రాజీ చేస్తాడు. ఇది వదిలేయకండి.

టైం మిగిలితే ఇంకో యాత్రికుడు సమనర్ గురించి రెండు లైన్లు చేర్చండి. వాడు చర్చి కోర్టుకి జనాన్ని పిలిచే ఉద్యోగి. కాస్త వైన్ పోయిస్తే ఒకడి అక్రమ సంబంధాన్ని ఏడాది పాటు చూసీచూడనట్టు వదిలేస్తాడు. పార్డనర్ పాటకి గొంతు కలుపుతూ పక్కనే సాగేది వాడే.