రీకాల్‌ను ఆపితే సరిపోదు, పాతవీ చెరపాలి

కోపైలట్ ప్లస్ కంప్యూటర్లలో (ఏఐ పనులకు ప్రత్యేక చిప్ ఉన్నవి) విండోస్ 11లోని రీకాల్ ఫీచర్ ఆన్‌లో ఉంటే, కొన్ని సెకన్లకోసారి తెర బొమ్మ తీసి, అందులోని అక్షరాలను వెతకడానికి వీలుగా దాచుకుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్ తెరిచి 'సేవ్ స్నాప్‌షాట్స్' ఆఫ్ చేశాను. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ అప్పటిదాకా తీసినవి డిస్క్‌లోనే ఉంటాయి. అదే పేజీలో 'డిలీట్ ఆల్' కూడా నొక్కాలి. ఆ తర్వాత 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో రీకాల్ ఎదురుగా ఉన్న టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే ఫీచరే పోతుంది.

పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లను వదిలేసే ఫిల్టర్ ఉంది, నిజమే. దాన్నే నమ్ముకోవద్దు, కొన్ని దాటిపోతాయి. పైగా అవతలివాళ్ల కంప్యూటర్లో రీకాల్ ఆన్‌లో ఉంటే, మీరు పంపిన మెసేజ్ వాళ్ల తెర మీద కనిపించినప్పుడు అక్కడా నిలిచిపోవచ్చు. అందుకే మెసేజింగ్ యాప్ సిగ్నల్ 2025లో తన విండోస్ 11 యాప్‌కు, తెర బొమ్మ తీయకుండా అడ్డుకునే 'స్క్రీన్ సెక్యూరిటీ' పెట్టింది. దాన్ని ఆఫ్ చేయకండి.