కృత్తికలను ఫోటో తీయాలంటే ముందు ఫోకస్ కుదరాలి

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మబ్బులు. అన్నాళ్లూ టెలిస్కోపును పెట్టెలోనే ఉంచండి. సంక్రాంతి వెళ్లాక అమావాస్య దగ్గర్లో మిద్దె ఎక్కండి. ఏడున్నర, ఎనిమిదికల్లా కృత్తికలు అనే చుక్కల గుంపు (నక్షత్ర గుచ్ఛం) దాదాపు నడినెత్తిన ఉంటుంది.

80 మి.మీ. లెన్సు, 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపు, చుక్కల కదలిక వెంట దాన్ని తిప్పే ట్రాకింగ్ మౌంట్, డీఎస్ఎల్ఆర్ కెమెరా, ఆ కెమెరాను టెలిస్కోపుకు బిగించే టీ-రింగ్ చాలు. పెద్ద టెలిస్కోపు కొనమని ఎవరన్నా వినొద్దు. కృత్తికలు దాదాపు నాలుగు పున్నమి చందమామలంత వెడల్పు, పెద్దదాంట్లో సగం ఫ్రేములో పట్టవు.

మౌంట్‌ను ధ్రువ నక్షత్రానికి సరిచేయండి. నెల్లూరు అక్షాంశం 14 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం ఎత్తూ అంతే. పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డొస్తే ట్రైపాడ్‌ను నాలుగడుగులు జరపండి.

ఇక ఫోకస్. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెబ్యులా (ఆకాశంలో పొగలా కనిపించే మేఘం) కాస్త మసకబారినా పొగే కదా అని సరిపెట్టుకోవచ్చు. గుచ్ఛంలో ఉన్నవన్నీ చుక్కలే, అక్కడ తప్పు దాగదు. మొదట్లో నేను రెండు గంటలు ఫోటోలు తీసి, తెల్లారి కంప్యూటర్లో చూస్తే ఆవగింజల్లా ఉండాల్సినవి శనగల్లా ఉన్నాయి. కెమెరా వెనక తెరమీద మాత్రం అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి! ఆ తెరను నమ్మొద్దు. ఫోకసర్ గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకునే వాళ్లున్నారు. చలి పెరిగితే గొట్టం కుంచించుకుంటుంది, నిన్నటి గీత ఈరోజుకు పనికిరాదు.

బాహ్తినోవ్ మాస్క్ వాడండి. రష్యాకు చెందిన పావెల్ బాహ్తినోవ్ 2005లో కనిపెట్టిన జల్లెడ లాంటి మూత ఇది. నల్ల చార్టు మీద బ్లేడుతో కోసుకున్నా పనిచేస్తుంది. టెలిస్కోపును అరగంట ఆరుబయట చల్లారనివ్వండి. తర్వాత పక్కనే ఎర్రగా వెలిగే రోహిణి మీదకు తిప్పి, మాస్క్ తగిలించి, లైవ్ వ్యూను (కెమెరా తెరమీద అప్పటికప్పుడు కనిపించే దృశ్యాన్ని) పది రెట్లు పెంచండి. చుక్క చుట్టూ మూడు గీతలు కనిపిస్తాయి. రెండు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, మూడోది వాటి మధ్య అటూ ఇటూ కదులుతుంది. అది నట్టనడుమకు వచ్చేదాకా ఫోకస్ నాబ్‌ను వెంట్రుక వాసి చొప్పున తిప్పండి. తిప్పిన ప్రతిసారీ చెయ్యి తీసి ఐదు సెకన్లు ఆగండి. మిద్దె మీద ఎవరు అడుగేసినా గీతలు వణుకుతాయి. మా కింది ఇంటాయన ప్రతిసారీ పైకొచ్చి "ఏందన్నా, రాకెట్టేమన్నా పోతుందా?" అంటాడు. ఆయన్ని కూర్చోబెట్టాకే మళ్లీ నాబ్ ముడతాను.

ఫోకసర్ కదలకుండా పెట్టే లాక్ స్క్రూ బిగిస్తే ఫోకస్ కాస్త పక్కకు తప్పుతుంది, అందుకే బిగించాక మళ్లీ చూడండి. మాస్క్ తీయడం మాత్రం మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను, రెండుసార్లు. గంటకోసారి రోహిణికి వెళ్లి ఇదంతా మళ్లీ చేయండి. మంచు పడితే లెన్సును గుడ్డతో తుడవొద్దు, హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని చాలా తక్కువ వేడితో ఆరబెట్టండి.

మిగతాది సులువే. ఐఎస్ఓ 800, 30 సెకన్లు, రా ఫార్మాట్‌లో 60 ఫోటోలు. చివర్లో మూత పెట్టి అవే సెట్టింగులతో ఓ 20 చీకటి ఫోటోలు, కెమెరా సొంత మచ్చలను తీసేయడానికి. అన్నిటినీ డీప్‌స్కైస్టాకర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో కలపండి, అది ఉచితమే.

చుక్కల చుట్టూ నీలి పొగ రాలేదని బాధపడొద్దు. నెల్లూరు వీధి దీపాల్లో అది తేలిగ్గా దొరకదు, కనిగిరి వైపు మెట్ట పొలాల చీకటి కావాలి.