కోకాపేట దిక్కు లగ్జరీ ఫ్లాట్ కొనే ముందు ఇవి చూస్కోండ్రి

మన నల్గొండ, పాలమూరు దిక్కు భూములమ్మి హైదరాబాద్ పక్కన కోకాపేట, నార్సింగిల ఫ్లాట్లు కొనేటోళ్లు మస్తుగున్నరు, మంచిదే గానీ అడ్వాన్స్ ఇయ్యకముందే జర ఇవి చూడాలె.

- రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ) ఇచ్చిన ప్రాజెక్టు నంబర్ మీరే దాని వెబ్‌సైట్ల కొట్టి చూడుండ్రి, బ్రోచర్ల అచ్చేసిండ్రని నమ్మొద్దు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు బిల్డర్ ధరల 10 శాతం కంటే ఎక్కువ తీస్కోవద్దని చట్టమే ఉంది, కానీ ప్రీలాంచ్ (రెరా నంబర్ రాకముందే అమ్ముడు) ఆఫరని, రేటు తక్కువని మొత్తం పైసలు ఒక్కసారే అడిగేటోళ్లుంటరు, అస్సలు ఇయ్యొద్దు, తాతల భూమి అమ్మిన పైసలవి.

- కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల మనం వాడుకునే జాగ) ఎంతనో కాయితం మీద రాపిచ్చుకోండ్రి. సూపర్ బిల్టప్‌ల మెట్లు, లిఫ్ట్, కారిడార్ అన్నీ కలుస్తయ్. భూమిల మీ వాటా ఎన్ని గజాలో గూడ అడగండ్రి, నలభై అంతస్తుల టవరంటే అది చానా తక్కువొస్తది.

- గండిపేట చెరువు కనిపిస్తదని మురిసిపోకుండ్రి, ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టొద్దని వదిలిన జాగ) మ్యాప్ చూడుండ్రి, 111 జీవో (చెరువును కాపాడనీకి కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన సర్కారు ఉత్తర్వు) ఊర్లు గూడ ఆ పక్కనే.

- లింక్ డాక్యుమెంట్లు (ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన కాయితాలు), ఈసీ (భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాయితం) మీ సొంత వకీలుకే చూపియ్యండ్రి.

- 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేటోళ్లకిచ్చే పైసలల్ల కోసి సర్కారుకు కట్టే పన్ను) కట్టాల్సింది కొనేటోళ్లే. కడ్తున్న ఫ్లాట్‌కు జీఎస్టీ 5 శాతం, ఓసీ (కట్టుడైపోయింది, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చినంక కొంటే ఉండదు.

- నెలనెలా మెయింటెనెన్స్ చదరపడుగుకు ఎంతో అడగండ్రి, పెద్ద ఫ్లాట్‌కు అది చిన్న ఇంటి కిరాయంత ఐతది.